ఓటు కోసం వేసిన ఒట్టుకు కట్టుబడాలా?

మున్సిపల్ ఎన్నికల్లో ఓటుకు డబ్బు పంచేవారు కొన్నిచోట్ల డబ్బుతో పాటు ఒట్టు కూడా వేయించుకుంటారు. దేవుడి పటం ముందో, పసుపు కుంకుమ ముట్టుకునో, బిడ్డ తల మీద చెయ్యి పెట్టో వేసిన ఆ ఒట్టు తప్పితే ఇంటికి కీడు జరుగుతుందన్న భయం పోలింగ్ కేంద్రం దాకా ఓటరు వెంట వస్తుంది. ఆ ఒట్టుకు కట్టుబడడం ధర్మమా అన్నదే ప్రశ్న.

నెల్లూరు దగ్గరి గూడూరు వంటి పట్టణంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఈ పట్టణంలో, మిగతా మున్సిపాలిటీల్లో లాగే, వార్డు అభ్యర్థి తరచూ తెలిసిన మనిషే. డబ్బు తెచ్చేవాడు పక్క వీధివాడు. మొహమాటం, భయం రెండూ కలిసి పనిచేస్తాయి. పైగా ఇక్కడి ఓటరుకు మాట చెప్పే అవకాశాలూ తక్కువ. అమెరికాలోని చాలా నగరాల్లో కౌన్సిల్ స్థానాలకు ముందు ప్రైమరీ జరుగుతుంది. తుది పోటీలో ఎవరుండాలో కూడా ఓటర్లే తేలుస్తారు. ఇక్కడ పార్టీ అభ్యర్థిగా నిలిపే బీ-ఫారం ఎవరికివ్వాలో పార్టీలే నిర్ణయిస్తాయి. చైర్‌పర్సన్ ఎన్నిక కౌన్సిల్ లోపల జరుగుతుంది. పట్టణ పాలనపై పౌరుడు నేరుగా తీర్పు చెప్పేది వార్డు ఓటుతో మాత్రమే. దాన్ని ఒట్టుకు తాకట్టు పెడితే చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

ప్రమాణాలు రెండు రకాలు. జరిగినదాన్ని గురించి చేసేది ఒకటి, చేయబోయేదాన్ని గురించి చేసేది మరొకటి. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో చేసే ప్రమాణాలకు పేరు వచ్చింది ప్రధానంగా మొదటి రకంతో. తప్పు చేశాడా లేదా అన్న తగవు అక్కడ తేలుతుందని, అబద్ధమాడితే స్వామి శిక్షిస్తాడని భక్తుల నమ్మకం. అక్కడ దేవుడు సత్యానికి సాక్షి. ఓటు ఒట్టు రెండో రకం. అందులో దేవుణ్ణి ఒక బేరానికి జామీనుగా నిలబెడతారు. మొదటిదానికున్న పవిత్రత రెండోదానికి దానంతట అది రాదు. చేస్తానన్న పని మంచిదా చెడ్డదా అని ముందు అడగాలి.

మహాభారతం కర్ణపర్వం ఈ ప్రశ్ననే ఎదుర్కొంటుంది. గాండీవాన్ని మరొకరికి ఇచ్చేయమన్నవాడిని చంపుతానని అర్జునుడికి వ్రతం. ఆ మాట ధర్మరాజు నోటనే వచ్చినప్పుడు అర్జునుడు కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డుపడి కౌశికుడి కథ చెప్పాడు. ఎప్పుడూ సత్యమే పలుకుతానన్న కౌశికుడు, ప్రాణభయంతో దాక్కున్నవారి జాడను దొంగలకు చెప్పి వారి చావుకు కారకుడై నరకానికి పోయాడు. ప్రాణులను నిలబెట్టేదే ధర్మమని, దాన్ని చెరిచే వ్రతాన్ని పట్టుకుని వేలాడడం ధర్మం తెలియకపోవడమని కృష్ణుడి నిర్ణయం. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన గూడూరుకు దగ్గరలోని నెల్లూరు కవే.

ఇతర మతాల మాటా ఇదే దారిలో ఉంది. విందులో చేసిన ప్రమాణం తప్పలేక హేరోదు రాజు బాప్తిస్మమిచ్చు యోహానును చంపించాడు. సువార్తలు దాన్ని నిష్ఠగా మెచ్చుకోవు. ఇస్లాంలో, ఒట్టు వేసినదానికంటే మేలైనది కనిపిస్తే ఆ మేలే చేసి, ఒట్టుకు పరిహారం చెల్లించాలన్నది ప్రవక్త బోధ. పదిమంది పేదలకు అన్నం పెట్టడం ఖురాన్ చెప్పిన పరిహారాల్లో ఒకటి.

డబ్బు తీసుకుని మాట తప్పడం నమ్మకద్రోహం కాదా అన్న ఆక్షేపణ బలమైనదే. దుర్యోధనుడి రుణం తీర్చుకోవడానికి కర్ణుడు ప్రాణమిచ్చాడని దానికి ఉదాహరణ చూపుతారు. కానీ తన ప్రాణం తనది. ఓటు అలాంటిది కాదు. దాని ఫలితం వార్డులోని కుళాయి నీటిలో, మురుగు కాలువలో, ఓటు హక్కు ఇంకా రాని పిల్లల ఆరోగ్యంలో కనిపిస్తుంది. అది పదిమంది తరఫున ఒకరి చేతిలో ఉన్న బాధ్యత. తనది కానిదాన్ని అమ్ముతానని వేసిన ఒట్టుకు విలువ లేదు. అలాగని డబ్బు పుచ్చుకుని వేరొకరికి ఓటేయడం తెలివీ కాదు, నీతీ కాదు. తప్పు పుచ్చుకోవడంలోనే మొదలైంది. ఒట్టు ప్రకారం ఓటేస్తే ఆ తప్పు వార్డంతటికీ పాకుతుంది. డబ్బు తిరిగి ఇవ్వడమే దాని ప్రాయశ్చిత్తం.

చట్టం కూడా ఈ వైపే ఉంది. ఓటుకు లంచం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం అనుచిత ప్రభావం కిందికి వస్తుంది. 1920లో భారత శిక్షాస్మృతిలో చేరిన ఈ నిబంధనలు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో కొనసాగుతున్నాయి. మున్సిపల్ ఎన్నికలకూ ఇవి వర్తిస్తాయి. రహస్య ఓటింగ్ ఉన్నది ఓటరు ఎవరికీ లెక్క చెప్పనవసరం లేకుండా చూడడానికే.

అందువల్ల ఓటు కోసం వేయించుకున్న ఒట్టు పైన చూసిన మతాల బోధల ప్రకారం ఓటరును కట్టిపడేయదు. దేవుడి పటం ముందు డబ్బు పెట్టేవారిని గుమ్మం దగ్గరే తిప్పి పంపాలి. ఇప్పటికే ఒట్టు వేసినవారు భయపడకుండా డబ్బు తిరిగి ఇచ్చి, వార్డుకు మేలు చేస్తారనుకున్నవారికే ఓటు వేయాలి.