ఎవరి తోట?

మామిడిపళ్ళ కాలం వస్తోందంటే మా కాలనీలో అందరికీ సంబరం. నాకు మాత్రం గుబులు. ఆరేళ్ళు ఆ గుబులుతోనే బతికాను. ఇప్పుడు రాస్తున్నానంటే ధైర్యం వొచ్చి కాదు, దాచీ దాచీ అలిసిపోయి.

మాది తిరువూరు దగ్గర పల్లె. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఎస్సీలకు రిజర్వు చేసిన అసెంబ్లీ స్థానం. ఎమ్మెల్యే మావాడే అవుతాడు గానీ చుట్టూ ఉన్న తోటలు మావాళ్ళవి కావు. అటు విస్సన్నపేట, నూజివీడు దాకా ఎటు చూసినా మామిడే. మా నాయన ఒక ఆసామి తోటకి కాపలా. పిందె పడ్డకాడినుంచి కోత అయ్యేదాకా తోటలోనే గుడిసె. పగలు వడిసెల పట్టుకుని కోతుల్ని, చిలకల్ని తోలేవాడు. రాత్రిళ్ళు దొంగల్ని కాసేవాడు. ఆ దొంగలెవరనుకున్నారు? మాదిగపల్లె పిల్లలే. మా పిల్లల మీదే మా నాయన్ని కాపలా పెట్టాడు ఆసామి.

గాలివానకి రాలిన కాయలకి కూడా లెక్కుండేది. ఒకసారి నేను ఒక రాలుగాయ పరికిణీ కుచ్చెళ్ళలో దాచుకున్నాను. నాయన చూసి, నా చెయ్యి పట్టుకుని, ఆ కాయ తీసి బుట్టలో వేశాడు. కొట్టలేదు. తిట్టలేదు. నా మొహంకేసి మాత్రం చూడలేదు.

సాంఘిక సంక్షేమ హాస్టల్లో పురుగులన్నం తిని చదువుకున్నాను. జూనియర్ కాలేజీలో లెక్చరర్నయ్యాను. మా ఆయనకి బ్యాంకు ఉద్యోగం. విజయవాడలో అద్దె ఇంటి కోసం తిరిగిన తిరుగుడు రాస్తే అదే ఒక పుస్తకం. ఇల్లు నచ్చేది, అద్దె కుదిరేది. ఆఖర్న, "ఇంతకీ మీరేమిట్లండీ?" అనే ప్రశ్న వొచ్చేది. చెప్పగానే, "మా తమ్ముడు అమెరికా నుంచి వొస్తానన్నాడండీ, వాడికే ఉంచుతాం" అనేవాళ్ళు. విజయవాడలో ఇంతమంది తమ్ముళ్ళు ఒకేసారి అమెరికా నుంచి దిగుతారని అప్పుడే తెలిసింది. నెత్తిన అప్పు పెట్టుకుని ఫ్లాటు కొన్నది అందుకే. అడిగేవాడుండడు గదా అని. కాలనీ పేరు రాయను. అలాంటి కాలనీలు బందరు రోడ్డుకి అటూ ఇటూ చాలా ఉన్నాయి.

కొన్న కొద్ది రోజులకే, 2014లో, రాజధాని ఇక్కడికే వొస్తుందన్నారు. స్థలాల రేట్లు ఆకాశానికెక్కాయి. వాటితోపాటు కాలనీ కూడా ఎక్కింది. ఒకరింట్లో కారు మారితే నెల తిరక్కుండా ఇంకో నాలుగిళ్ళలో మారేది. పిల్లల పుట్టినరోజుకి కేకు కోసే రోజులు పోయి, హోటల్ హాలు, వచ్చిన ప్రతి పిల్లాడికీ రిటర్న్ గిఫ్టు అనే రోజులొచ్చాయి. శ్రావణ శుక్రవారం వాయనానికి పిలిస్తే జాకెట్టు ముక్క పోయి వెండి కుంకుమ భరిణె వొచ్చింది. పుచ్చుకున్నాక మళ్ళీ ఇవ్వాలి. ఒక మెట్టు ఎక్కువే ఇవ్వాలి.

అడిగేవాడుండడనుకున్నాం గదా, అడిగే పద్ధతి మారిందంతే. "మీదే ఊరండీ?" అంది ఎదురు ఫ్లాటావిడ. తిరువూరు దగ్గర అన్నాను. "ఓహో! అయితే మామిడి తోటలున్నాయన్నమాట." ఆ ప్రశ్నలో కులం ఉంది, భూమి ఉంది, నా పాపిట్లో బొట్టు నుంచి మా పాప స్కూలు దాకా అన్నీ ఉన్నాయి. నేను ఒక్క క్షణం ఆగి, "మా నాయన ఎప్పుడూ తోటలోనే ఉండేవాడండీ" అన్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు. మొత్తం అబద్ధమే.

ఆ ఒక్క మాటకి ఆరేళ్ళు వాయిదాలు కట్టాను. ఎండాకాలం వొచ్చేసరికి, "మీ తోట పళ్ళు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగేవాళ్ళు. తెల్లారకముందే నేనూ మా ఆయనా నున్న మార్కెట్టుకెళ్ళి బంగినపల్లి, చిన్నరసాలు బుట్టలకి బుట్టలు కొనేవాళ్ళం. పైన వరిగడ్డి పరిచి, అట్టపెట్టెల్లో సర్ది, ఫ్లాటుకో డజను చొప్పున పంచేదాన్ని. "తోట నుంచి వొచ్చాయి" అనేదాన్ని. చిన్నప్పుడు ఒక కాయ దాచుకున్నందుకు తల దించుకున్న నేనే, ఇప్పుడు కాయలు పంచి నన్ను దాచుకుంటున్నాను.

మా పాప పెద్దమనిషయింది. ఎదురు ఫ్లాటావిడ ఆ సాయంత్రమే, "హాఫ్ శారీ ఫంక్షన్ ఎక్కడ చేస్తున్నారు?" అంది. చేస్తారా అని అడగలేదు, ఎక్కడ అనే అడిగింది. ఇందులో మా వాళ్ళ తప్పు లేదనను. మా పల్లెలోనూ చేస్తారు, చెయ్యకపోతే ఏమనుకుంటారో అని అక్కడా అప్పు చేస్తారు. కానీ పల్లెలో చదివింపులుంటాయి. పుస్తకంలో రాసుకుంటారు. వందా, రెండొందలూ కలిసి ఆ ఇంటి అప్పు కొంత తీరుతుంది. రేపు వాళ్ళింట్లో జరిగితే మనం తిరిగి చదివిస్తాం. అది పేదోళ్ళ బ్యాంకు. కాలనీలో అయితే శుభలేఖ మీదే కానుకలు తీసుకోబడవు అని అచ్చు వేయిస్తారు. అక్కర్లేదనగలగడమే అక్కడి హోదా. మేమూ అలాగే వేయించాం.

ఆ నెల్లోనే తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కొడుక్కి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ఫీజు ప్రభుత్వం ఇస్తుంది గానీ హాస్టలుకీ మెస్సుకీ 40 వేలు కావాలన్నాడు. "ఈ నెల కుదరదురా తమ్ముడూ" అన్నాను. ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు కట్టి అప్పటికి మూడు రోజులయింది. అది కూడా 40 వేలే. ఆ పిల్లాడు చేరలేదు. మెడికల్ షాపులో పనికి కుదిరాడు. తమ్ముడు ఒక్క మాటన్లేదు. అని ఉంటే బావుండేది.

ఫంక్షన్‌కి వారం ముందు అమ్మ వొచ్చింది. మామిడిపళ్ళ పెట్టెలు చూసి, "ఎవరి తోటయే?" అంది. నేను పలకలేదు. అంతలోనే ఎదురు ఫ్లాటావిడ లోపలికొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఆప్యాయంగా, "మీ తోట ఎన్నెకరాలు అమ్మగారూ?" అంది.

అమ్మ నవ్వింది. "తోట మాది కాదమ్మా. కాపలా మాది."

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తాగలేదు. కాసేపు మాట్లాడి మర్యాదగానే వెళ్ళింది. ఆ రాత్రి నేను అమ్మ మీద అరిచాను. "ఆ ముక్క ఎందుకన్నావు? నా పరువు తీశావు" అన్నాను. అమ్మ, "మీ నాయన ఇరవై ఏళ్ళు కాశాడు గదే. ఆయన చేసిన పని చెప్తే నీ పరువెట్టా పోయింది?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు.

మూడొందల మందికి భోజనాలు చెప్పాం. నూట పాతిక మంది వొచ్చారు. వాళ్ళలో కొందరు అక్షింతలేసి, "ఇవాళ ఒక్కపొద్దండీ" అని చెయ్యి కడక్కుండా వెళ్ళారు. ఆ రోజు బుధవారం. మిగిలిన అన్నం, కూరలు అమ్మ గిన్నెలకెత్తించి వ్యానులో పల్లెకి పంపింది. అది తిన్నవాళ్ళే మా పాపని నిజంగా దీవించారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పదిమందిలో తలెత్తుకోడానికి మనం పెట్టే ఖర్చు ఆత్మగౌరవమా, లొంగుబాటా?

ఖర్చు చెయ్యడమే తప్పని నీతులు చెప్పేవాళ్ళంటే నాకు గిట్టదు. ఎందుకంటే మన మీద మొదటి నిషేధం ఖర్చు మీదే. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఇండోర్ ప్రాంతపు బలాయీల సంగతి రాశాడు. పదిహేనుకు పైగా గ్రామాల అగ్రకులాలవాళ్ళు వాళ్ళకి ఆంక్షలు పెట్టారు. జరీ అంచు తలపాగా చుట్టగూడదు, రంగు అంచు పంచె కట్టగూడదు, ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టగూడదు. అదే పుస్తకంలో చక్వారా ఊళ్ళో విందులో నెయ్యి వడ్డించినందుకు అంటరానివాళ్ళని కర్రలతో కొట్టిన సంగతీ ఉంది. నెయ్యి వాళ్ళ డబ్బుతోనే కొన్నారు. అంతదూరం ఎందుకు? చుండూరులో గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలయింది. ఇద్దరూ టికెట్టు కొనుక్కునే లోపలికెళ్ళారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోతాల్లో కుక్కారు. మన రూపాయికీ వాళ్ళ రూపాయికీ కులం వేరు.

కాబట్టి, సింపుల్‌గా బతకొచ్చు గదా అని నాకు చెప్పకండి. మా కాలనీలో పాత భూస్వామి ఒకాయన ఉన్నాడు. బనీను మీద, రబ్బరు చెప్పులతో పాలపాకెట్టుకి వొస్తాడు. "ఎంత సింపులో చూడండి" అంటారు. నేను అదే చెప్పులతో కిందికి దిగితే వాచ్‌మన్, ఏ ఫ్లాట్లో పనికొచ్చావని అడిగాడు. నిరాడంబరంగా ఉండాలంటే ముందు వెనకాల తోట ఉండాలి. అది లేనివాడు మామూలు మనిషిగా కనపడ్డానికే డబ్బు కట్టాలి.

అమెరికాలో నల్లవాడైన సామాజికశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ తన 'బ్లాక్ బూర్జువాజీ'లో ఇదే తిట్టాడు. 1957లో ఇంగ్లీషులో వొచ్చిన పుస్తకం అది. పైకొచ్చిన నల్లవాళ్ళు తెల్లవాళ్ళ ఆమోదం దొరక్క ఆడంబరాలతో ఒక ఊహాలోకం కట్టుకున్నారంటాడు. చదివితే సిగ్గేసింది. కానీ ఊహాలోకం కట్టుకున్నవాళ్ళనే తిట్టి, బయట గేటేసినవాళ్ళని వొదిలితే సగమే న్యాయం.

దాచుకోవడం గురించి కూడా అంతే. 1917లో అమెరికా, ఇంగ్లండుల్లో చదివొచ్చిన అంబేద్కర్‌కి బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో, రోజుకి రూపాయిన్నర కట్టి ఉన్నాడు. పదకొండో రోజు కర్రలతో వొచ్చి వెళ్ళగొట్టారు. ఆయనంతటివాడికీ దాచుకోక తప్పలేదు. దాచుకున్నవాడిది తప్పనను. కానీ ఆయన ఆ సంగతి తనే రాసి పెట్టాడు. పదేళ్ళ తర్వాత, 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడవాళ్ళతో, చీర పైకులాల ఆడవాళ్ళలాగే కట్టుకోండి, దానికి అదనంగా ఖర్చేం కాదు, అంటరానితనానికి గుర్తుగా ఉన్న ఆ కడియాలూ దండలూ తీసేయండి అన్నాడు. ఎక్కువ కొనమని చెప్పలేదు.

నాకు అర్థమైంది ఇది. బలాయీ జరీ తలపాగా చుట్టుకుంటే, నేను బలాయీని, అయినా చుట్టుకుంటా అని చాటాడు. నేను మామిడిపళ్ళు పంచితే, నేను మా నాయన కూతుర్ని కాదని చెప్పాను. రెండూ ఖర్చులే. ఒకటి పోరాటం, ఒకటి కప్పం. ఆ కప్పం నేను కట్టాననుకున్నాను. కట్టింది మా తమ్ముడి కొడుకు.

విద్యార్థులారా, మీరూ రేపు ఉద్యోగాల్లోకొస్తారు. ఇలాంటి కాలనీల్లోకి వొస్తారు. రావాలి కూడా. మంచి బట్టలు కట్టండి, కారు కొనుక్కోండి, పిల్లల్ని మంచి బళ్ళో వెయ్యండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వొద్దు. కానీ పర్సు తీసేముందు ఒక్కసారి అడుక్కోండి: ఈ ఖర్చు చాటడానికా, దాచడానికా? దాచడానికయితే, దాని బిల్లు పల్లెలో ఎవరింటికి పోతోంది?

ఈ ఏడు కూడా నున్న వెళ్ళాం. రెండే బుట్టలు కొన్నాం. ఒకటి అమ్మకి, ఒకటి మాకు. తమ్ముడి కొడుక్కి ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ ఫీజు నేను కడుతున్నాను. పోయిన ఏళ్ళు మాత్రం కట్టలేను. మొన్న కొత్తగా దిగినావిడ లిఫ్టులో అడిగింది, "మీది తిరువూరా, తోటలున్నాయా?" అని. "మా నాయన కాపలా ఉండేవాడండీ" అన్నాను. గొంతు వొణికింది. ఆవిడ తన అంతస్తు రాకముందే దిగిపోయింది.