ఊరి ఆస్తి, ఊరి అప్పు

రాచ్‌డేల్‌ను "మా ఊరు" అనే హక్కు నాకుందా అని కొందరు అడుగుతుంటారు. నన్ను వేధించేది వేరే ప్రశ్న. ఏ ఊరినైనా, ఎవరైనా, మాదని చెప్పుకుని పొంగిపోవడం ధర్మమేనా?

మంగళగిరిలో మగ్గమున్న ఇంట్లో పుట్టాను. దేవతలకు తామర నారతో బట్టలు నేసిన భావనారుషి సంతతి మనం అని మా నాయనమ్మ చెప్పేది. నాది నాది అనుకోవడమే బంధమని చెప్పిందీ ఆవిడే. ఆ రెండు మాటలకూ పొత్తు కుదరదని చిన్నప్పుడు నాకు తట్టలేదు. రాచ్‌డేల్‌లో మందుల షాపులో ఫార్మసిస్టుగా కుదురుకున్నాక, కౌంటరు అవతల నిలబడే పెద్దవాళ్ళ కబుర్లు వింటూ ఉంటే తట్టింది.

రాచ్‌డేల్ ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు ఈశాన్యాన, పెనైన్ కొండల పాదాన ఉన్న నేతగాళ్ళ పట్నం. మొదట ఉన్ని ఫ్లానెల్, తర్వాత నూలు. మిల్లులు మూతపడి చాలా కాలమైంది. డబ్బున్న ఊరు కాదు. కానీ ఊరి సంగతి ఎత్తితే చాలు, మందుల చీటీ పక్కన పెట్టి మాట్లాడతారు. 1871లో తెరిచిన టౌన్ హాల్ గురించి చెబుతారు. క్రాస్‌లాండ్ గీసిన గోథిక్ భవనం అది. పెద్ద హాల్లో పైకప్పు దూలాలకు చెక్కిన దేవదూతలుంటారు, గోడ మీద మాగ్నాకార్టా ఒప్పందపు చిత్రముంటుంది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 2024లో మళ్ళీ తలుపులు తీస్తే, సొంతింటి గృహప్రవేశానికి వెళ్ళినట్టు వెళ్ళారు జనం. ఆ భవనం ముందే గాయని గ్రేసీ ఫీల్డ్స్ కంచు విగ్రహం ఉంది. ఫిష్ అండ్ చిప్స్ దుకాణం పైనున్న ఇంట్లో 1898లో పుట్టి దేశమంతటికీ పేరు తెలిసిన మనిషైంది. "ఎంత ఎత్తుకు ఎదిగినా మా యాస వదల్లేదు బాబూ" అంటుంది మా షాపుకొచ్చే ఒక పెద్దావిడ, ఆ యాస తన కూతురిదే అన్నంత మురిపెంగా.

నేనూ మా మంగళగిరి గాలిగోపురం గురించి ఇలాగే చెబుతాను. పదకొండు అంతస్తులనీ, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడనీ. అందులో ఒక్క ఇటుక నేను మోయలేదు. ఆవిడ గ్రేసీకి ఒక్క పాట నేర్పలేదు. చేయని పనికి ఇద్దరం మెచ్చుకోలు తీసుకుంటున్నాం. వేదాంతి వింటే ఇంకా గట్టిగా అంటాడు: ఈ దేహమే నీది కాదు, అది పుట్టిన ఊరు నీదెలా అవుతుంది? అహంకారం ఒక్క మనిషిలో ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళు పసిగడతారు. ఊరుమ్మడి అహంకారానికి మాత్రం సంస్కృతి అని పేరు పెట్టి దండలు వేస్తారు. ఈ ఆక్షేపణను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. మమకారంలోంచి పుట్టిన ద్వేషం ఎంత దూరం పోతుందో ఇక్కడా చూశాను, అక్కడా చూశాను.

అయినా ఈ ఊరు తన గొప్పగా దేన్ని ఎంచుకుందో చూస్తే నా ఆలోచన ఆగిపోతుంది. టోడ్ లేన్‌లో 31వ నంబరు ఇల్లు ఒక చిన్న ఇటుకల కట్టడం. 1844 డిసెంబరు 21 రాత్రి అక్కడ ఒక కొట్టు తెరిచారు. కూలి పెంచమని అడిగి అదే ఏడు ఓడిపోయిన నేతపనివాళ్ళు, ఇతర చేతిపనివాళ్ళు కలిసి, ఇరవై ఎనిమిది మంది పేరున ఇరవై ఎనిమిది పౌన్లు పోగుచేశారు. కింది అంతస్తు ఏడాదికి పది పౌన్ల అద్దె. అమ్మకానికి పెట్టినవి వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, అంతే. కల్తీ ఉండదు, తూకంలో మోసం ఉండదు, అరువు ఉండదు. వాటాలు ఎన్నున్నా మనిషికి ఒకటే ఓటు, ఆడవాళ్ళకైనా అంతే. మిగులును ఎవరు ఎంత కొన్నారో అంత చొప్పున పంచారు. వాళ్ళలో ఓటు హక్కు కోసం పోరాడే చార్టిస్టులున్నారు, సహకార జీవనాన్ని బోధించిన రాబర్ట్ ఓవెన్ అనుచరులున్నారు, యూనిటేరియన్ క్రైస్తవుల మందిరానికి వెళ్ళేవాళ్ళున్నారు. ఎవరి మతం వాళ్ళది, కొట్టు మాత్రం అందరిదీ అనుకున్నారు. లోకమంతటి సహకార సంఘాలకు నియమాలు ఇక్కడినుంచే వెళ్ళాయి.

ఆ గదిలో మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. ఆయన చేనేత సొసైటీ సభ్యుడు. సొసైటీ నుంచి చిలపల నూలు తెచ్చుకుని, నేసిన తానులు తిరిగిచ్చి, త్రిఫ్టు డబ్బులు లెక్కపెట్టుకుని బతికాడు. ప్రతి నవంబరూ సహకార వారోత్సవాలకు ఆఫీసు మీద ఏడు రంగుల జెండా ఎగిరేది. ఆ జెండా వెనకున్న కథ రాచ్‌డేల్‌లో మొదలైందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ పేరు వినకుండానే పోయాడు. టోడ్ లేన్ వారసుల్లో ఆయన ఉన్నాడని నేను గట్టిగా నమ్ముతాను. ఒక ఊరి వారసత్వం ఆ ఊరి గడ్డ మీద పుట్టినవాళ్ళకే చెందాలంటే, దాన్ని మగ్గం గుంటలో కూర్చుని బతికించిన మనిషిని ఏమనాలి?

ఇంతవరకూ తీపి. చేదు కూడా ఇక్కడే ఉంది. మా తాతముత్తాతల మగ్గాల నోరు కొట్టింది లాంకషైర్ మిల్లు గుడ్డే. ఈ ఊరి మహానుభావుడు జాన్ బ్రైట్‌నే తీసుకోండి. క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు, పార్లమెంటు సభ్యుడు. ఇష్టం లేనివాళ్ళ నుంచి చర్చి పన్ను గుంజడం అన్యాయమని పోరాడాడు, అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వానికి ఎదురు నిలిచాడు. 1889లో చనిపోతే ఇక్కడి క్వేకర్ల స్మశానంలో మామూలు మనిషిలా సమాధి చేశారు. ఆయనే మిల్లు యజమాని. కూలీల పనిని రోజుకు పది గంటలకు కుదించే చట్టాన్ని ఎదిరించాడు. ఇండియాలో పత్తి సాగు పెంచే దారులు వెతికిన 1848 నాటి పార్లమెంటు సంఘానికి అధ్యక్షుడు. 1861 నుంచి ఆ యుద్ధం వల్ల అమెరికా పత్తి రాక ఆగి మిల్లులు మూతపడ్డప్పుడు లాంకషైర్ కూలీలు పస్తులున్నారు. పస్తులతోనే చాలామంది బానిసల విముక్తి పక్షాన నిలిచారు. మాంచెస్టర్ కార్మికులకు అమెరికా అధ్యక్షుడు లింకన్ 1863 జనవరిలో కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. అమెరికా నుంచి ఓడలో పిండి పీపాలు వచ్చాయి. ఇది నిజం. అంతకుముందు దశాబ్దాల తరబడి ఆ మిల్లులు తిన్నది బానిసలు ఏరిన పత్తే అన్నదీ అంతే నిజం.

ఈ రెండు నిజాలనూ ఒకే చేత్తో పట్టుకోవడానికి నాకు దారి చూపింది వేదాంతం కాదు, ధర్మశాస్త్రం. తండ్రి ఆస్తి తీసుకున్నవాడు ఆయన అప్పు కూడా తీర్చాలంటుంది యాజ్ఞవల్క్య స్మృతి. ఊరి గొప్పను నాదని తీసుకున్నానా, ఊరి బాకీ నా పేరున పడ్డట్టే. అప్పుడు గర్వం పాపం కాదు, పూచీ సంతకం అవుతుంది. తాగుడుకూ జూదానికీ తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చనక్కర్లేదని కూడా ఆ స్మృతే అంటుంది. ఊళ్ళ విషయంలో ఆ వెసులుబాటు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఎవరి తప్పు ఎవరిదో విడదీయడం మొదలుపెడితే చివరికి మన దగ్గర విగ్రహాలు తప్ప ఏమీ మిగలవు.

ఈ మాట పాత చరిత్ర కోసం అనడం లేదు. 2020 డిసెంబరులో ఈ ఊళ్ళో రెండేళ్ల పిల్లవాడు ఊపిరాడక చనిపోయాడు. ఇంటి గోడలకు పట్టిన బూజే కారణమని రెండేళ్ల తర్వాత విచారణ తేల్చింది. తండ్రి ఎన్నోసార్లు ఫిర్యాదు చేశాడు. ఆ ఇల్లు ఎవరిది? అద్దెకుండేవాళ్ళూ ఉద్యోగులూ కలిసి సభ్యులుగా నడిపే పరస్పర సహాయ సంస్థది. సహకారానికి పుట్టినిల్లని చెప్పుకునే ఊళ్ళో, సహకారం పేరు పెట్టుకున్న కప్పు కింద, సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం మొర వినే దిక్కు లేకపోయింది. దగ్గు మందు కోసం వచ్చే తల్లులను రోజూ చూసేవాణ్ణి. ఆ వార్త చదివాక టోడ్ లేన్ పేరు పలకడానికి చాలాకాలం నాకు నోరు రాలేదు.

తర్వాత తెలిసింది, నోరు మూసుకోవడమూ ఎగవేతేనని. ఆ పిల్లవాడి పేరున 2023లో ఇంగ్లండ్ అంతటికీ చట్టం వచ్చింది. కౌన్సిళ్ళు, గృహ సంఘాలు ఇచ్చే అద్దె ఇళ్ళల్లో తేమ, బూజు కనబడితే యజమాని గడువులోగా బాగుచేయాలి. పేదవాడికి మంచి పిండి, సరైన తూకం దక్కాలన్నది 1844 నాటి పట్టుదల. పేదవాడి బిడ్డకు పొడి గోడ దక్కాలన్నది దానికి కొనసాగింపే. ఇప్పుడు దగ్గుతో పిల్లలను తీసుకొస్తే, మందిచ్చే ముందు ఇంటి గోడలు ఎలా ఉన్నాయని అడుగుతాను. ఫిర్యాదు రాయడం రాని తల్లి అయితే కూర్చోబెట్టి రాసిస్తాను. ఈ ఊరు మాదని నేను అనగలిగేది ఆ కాసేపే.

మాంచెస్టర్‌లో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. రాచ్‌డేల్‌కు ట్రాము నేరుగా వస్తుంది. టోడ్ లేన్ కొట్టు చూడండి, జాన్ బ్రైట్ సమాధీ చూడండి. తిరిగి వెళ్ళాక మంగళగిరిలోనో, చీరాలలోనో, పోచంపల్లిలోనో చేనేత సొసైటీ ఆఫీసుకు ఒకసారి వెళ్ళి, మన నేతగాళ్ళకు ఎవరైనా ఏమైనా బాకీ ఉన్నారా అని అడగండి.