ఎడారిలో దాగిన బొమ్మలు

ఉజ్బెకిస్తాన్‌లో నుకుస్ అనే ఊరుంది. చుట్టూ ఎడారి. అక్కడి సావిత్‌స్కీ మ్యూజియంలో అడుగుపెట్టినవారిని ఒక నీలి ఎద్దు బొమ్మ నిలేస్తుంది. దాని కళ్లు తుపాకీ గొట్టాల్లా ఉంటాయి.

కీవ్‌లో పుట్టిన చిత్రకారుడు ఇగోర్ సావిత్‌స్కీ 1950లో పురావస్తు తవ్వకాల బృందంతో ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎడారి ఆయన్ను కట్టిపడేసింది. 1966లో మ్యూజియం తెరిపించాడు.

కార్మికుల్నీ ట్రాక్టర్లనీ కీర్తించే బొమ్మలకే సోవియట్ ప్రభుత్వం పీట వేసిన కాలమది. ఆ మూసలో ఒదగని చిత్రకారులు కొందరు జైలుపాలయ్యారు. వాళ్ల కాన్వాసులు ఇళ్లలో మూలపడ్డాయి. సావిత్‌స్కీ ఆ ఇళ్ల తలుపులు తట్టి, భార్యల్నీ పిల్లల్నీ ఒప్పించి, డబ్బు లేనప్పుడు అప్పు చీటీ రాసిచ్చి మరీ వాటిని నుకుస్ చేర్చేవాడు. మాస్కో అధికారుల చూపు అంత దూరం ఆనేది కాదు మరి!

ఆయన 1984లో కన్నుమూశాడు. అప్పటికి పోగైన బొమ్మలు వేలల్లో ఉన్నాయి.