పోయేవారికి కొత్తది, వచ్చేవారికి పాతది

కోనసీమలో ఎవరైనా పోతే ఆ సంగతి ఊరికి ముందు మైకు చెబుతుంది. ఘంటసాల గొంతు గీత అందుకుంటుంది. 1974లో కన్నుమూసే ముందు ఆయన పాడిన భగవద్గీత ఇప్పుడు చావు కబురైపోయింది. భక్తి పుట్టి ఎవరైనా పొద్దున్నే ఇంట్లో పెట్టుకున్నా, పక్కింటివాళ్లు గుమ్మంలోకొచ్చి "ఎవరండీ పోయారు?" అంటారు.

దిండిలో పుట్టి పెరిగిన ఈ వ్యాసకర్తకు ఆ గీతలో ఒక్క శ్లోకంతోనే పేచీ. రెండో అధ్యాయం, ఇరవై రెండోది. పాత బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టే దేహం మారడమూ అని ఓదార్చేది. ఆత్మ సంగతి ఆమెకు తెలియదు. బట్టల సంగతి తెలుసు. దిండిలో పాత బట్టను అలా విడిచేసి వెళ్లిపోయినవాళ్లను ఆమె ఎరగదు. చీర జీర్ణమైతే ఉయ్యాలవుతుంది. ఉయ్యాల చిరిగితే బొంతలో పొరవుతుంది. బొంత పోగులూడితే మసిగుడ్డ. విడవడమనేది రాజులకు తెలిసిన విద్యేమో!

ఆమెకు ఈ అనుమానం తల్లి పోయిన రోజున మొదలైంది.

ఇల్లు గోదావరి పాయ వశిష్ఠ గట్టుకు దగ్గర. చించినాడ వంతెన రాకముందు, పంటు మీద ఏరు దాటే రోజుల్లో, అవతలి ఒడ్డు నుంచి చుట్టాలు పొద్దెక్కాకగాని వచ్చేవారు కాదు. ఆ రోజు మాత్రం కార్లలో తెల్లారేసరికే దిగారు. దిగిన ప్రతివాళ్ల చేతిలో ఓ కవరు, కవరులో కొత్త చీర. ఒకరి మీద ఒకరు తెచ్చి కప్పారు. కొన్నింటికి షాపు వాళ్ల చీటీలు కూడా ఊడలేదు. బతికినన్నాళ్లూ బండారులంక నేత చీరలు తప్ప కట్టని మనిషి, అవి వెలిసిపోతే మరింత ఇష్టంగా కట్టిన మనిషి, గంజి వాసన కొట్టే కొత్త బట్టల కింద కనిపించకుండా పోయింది. మైకులో ఘంటసాల సరిగ్గా ఆ శ్లోకానికొచ్చాడు. దేహం విడిచాక కదా కొత్త బట్ట! మరి ఇక్కడ విడిచిన దేహానికే కొత్త బట్టలు కప్పుతున్నారు. ఏడుపు మధ్యలో ఆమెకు వచ్చిన ఆలోచన ఇది, తనకే సిగ్గేసింది.

కట్టి విడిచిన చీరలన్నీ మూటగట్టి ఆనవాయితీ ప్రకారం చాకలికి ఇచ్చేశారు. అందులోంచి ఆమె ఒకటి లాగేసి దాచుకుంది. ఆకుపచ్చది, అంచు దగ్గర రంగు పోయింది.

తర్వాత కొన్నేళ్లకు వాళ్లక్కకు మనవరాలు పుట్టింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున అక్క గదిలోంచే కేకేసింది. "ఒసేయ్, మెత్తటి పాత చీరుంటే ఇలా తేవే. ఆ షాపు బట్టలు పిల్ల ఒంటికి గరుగ్గా ఉన్నాయి."

"నా దగ్గర అమ్మది తప్ప పాతది లేదక్కా."

"అమ్మదైతే ఇంకా మంచిది, తే."

ఆమె తెచ్చింది, కానీ చేతికివ్వలేదు. అక్కే లాక్కుని పళ్లతో అంచు కొరికి చర్రున రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క పొత్తిగుడ్డలైంది. సాయంత్రానికి పిల్ల రెండు తడిపింది. అమ్మ జ్ఞాపకం తీగ మీద ఆరుతోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

పసిపిల్లలకు పాత చీరే వెతకడానికో మామూలు కారణముంది. నూలు బట్ట ఉతికిన కొద్దీ గంజి పోయి పోగులు వదులవుతాయి. గాలిలోని తేమనే నూలు తన బరువులో 8 శాతం దాకా పీల్చుకోగలదు. పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చదు, ఎంత పాతదైనా పొత్తిగుడ్డకు పనికిరాదు. అమ్మలక్కలకు ఈ లెక్కలు తెలియవు, చేతికి తెలుసు. అందుకే చాలా ఇళ్లలో పురుడు వెళ్లేదాకా పిల్లకు కొత్తది తొడగరు. శ్లోకం చెప్పినది ఇక్కడ తిరగబడి నడుస్తోంది: పోయేవారికి కొత్తది, వచ్చేవారికి పాతది. క్రైస్తవులైన ఎదురింటివాళ్లూ అంతే, పెట్టెలో పడుకోబెట్టే ముందు కొత్త బట్టలే కడతారు. గీత విన్న ఇల్లూ, బైబిలు చదివిన ఇల్లూ ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయి.

ఇక్కడిదాకా వచ్చి, శ్లోకాన్ని గెలిచానని ఆమె సంబరపడింది. ఆ సంబరాన్ని పాడుచేసింది కూడా తల్లి జ్ఞాపకమే.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. పాకలు లేచిపోయాయి, పెంకుటిళ్లలో నీళ్లు. తర్వాత లారీల్లో బియ్యం వచ్చాయి, పాత బట్టల మూటలొచ్చాయి. గుండీల్లేని చొక్కాలు, జాకెట్టు లేని చీరలు, ఈ ఎండకు ఎవరూ వేసుకోలేని స్వెట్టర్లు. అందరితోపాటు అమ్మా వరసలో నిలబడింది. బియ్యం తీసుకుంది. బట్టల దగ్గరికొచ్చేసరికి చెయ్యి చాపలేక వెనక్కి వచ్చేసింది. దొడ్డిగుమ్మంలో నిలబెట్టి పనివాళ్లకు పాత చీరలు ఇచ్చిన చెయ్యి అది. తడిసిన బట్టలతోనే మర్నాడంతా ఉంది.

మరి ఆ దొడ్డిగుమ్మం దగ్గర ఇన్నేళ్లూ చెయ్యి చాపినవాళ్లో? వాళ్లకు పాత చీర మెత్తదనమూ కాదు, జ్ఞాపకమూ కాదు. చావింటి మూట చాకలికి చేరడం కూడా ప్రేమతో కాదు, కులంతో. 1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులం పోల్చుకునేలా ఉండే చీరకట్టు మానేయమన్నారు. ఈ జిల్లాకిప్పుడు ఆయన పేరే ఉంది. పల్లెపల్లెనా విగ్రహాలకు నీలం కోటు, టై. ఎవరో విడిచినదాన్ని కట్టనన్న పంతం ఆ నీలం రంగులో ఉంది. పాత బట్టను పొగుడుతూ ఆమె కట్టుకున్న వాదం, ఆ విగ్రహం ముందు నిలబడితే ఏదోలా ఉంటుంది.

పోనీ, శ్లోకం తప్పేమిటి? యుద్ధం ముందు నిలబడి చేతులాడని మనిషికి చెప్పిన మాట అది. మడతలు పెట్టి బీరువాలో దాచుకునేవాళ్ల కోసం చెప్పలేదు. వెళ్లేవాడి వైపు నుంచి చూస్తే నిజమే కావచ్చు. విడిచినదాన్ని ఎవరు తియ్యాలి, ఎవరు ఉతకాలి, ఎవరికి అంటగట్టాలి అన్నది మాత్రం అక్కడ లేదు. ఆ లేనిదాన్నే ఆమె ఇన్నాళ్లూ ఆత్మ మీద అనుమానం అనుకుంది. ఇప్పుడామెకు అది ఇంటి అనుమానంలా కనిపిస్తోంది.

ఒక మార్పు మాత్రం చేసుకుంది. పెళ్లిళ్లకు పెట్టిన, మడత విప్పని చీరలు బీరువా నిండా ఉన్నాయి. పని చేసే అమ్మాయికి వాటిలోంచి ఇస్తోంది. వెలిసినవి తనే కడుతోంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికి అలాగే బయల్దేరితే, "దేవుడి దగ్గరికి ఇలాగా?" అని వదిన నొసలు చిట్లించింది. నరసింహస్వామికి పట్టింపు లేదని ఈమె నమ్మకం. వదినగారికే ఉంది.

మొన్న ఆ వదిన కూతురికి నెలలు నిండాయి. పాత నూలు చీర కావాలని, ఆకుపచ్చది సగం మిగిలిందని విన్నానని వదిన ఫోను చేసింది. ఈమె రెండు కొత్త చీరలు పంపిస్తానంది, ఇంట్లో కట్టే వెలిసిన చీరలన్నీ తీసుకెళ్లమంది. "అది మాత్రం అడక్కు వదినా" అంది.