పడటాన్ని ఎవరు నిర్ణయించాలి?

మనిషి ఎప్పుడు పడినట్టు? నేలను తాకినవాడికి ఈ విషయంలో సందేహం రాదు. ఆ సంగతి పుస్తకంలో రాయవలసినవాడికే సందేహాలన్నీ వస్తాయి.

సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టు పని కోసం వెలసిన కాలనీ. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట మీద కూలిచేసిన వేలమందిలో మా నాయన ఒకడు. నా చిన్నతనంలో ఆయన పరంజా మీదినుంచి పడ్డాడు. మూడోనాడు మేస్త్రీ యింటికి వచ్చి, ఊరికే కూర్చున్నా సరే హాజరు వేయించుకొమ్మన్నాడు. నాయన కుంటుకుంటూ పోయి నీడన కూర్చున్నాడు. హాజరు పడింది గనక ఆయన పడలేదు. పనిచెయ్యలేని స్థితి మూడు రోజులు మించితేనే 1923 నాటి నష్టపరిహార చట్టం వర్తిస్తుందని మేస్త్రీకి తెలుసు. నాయనకు తెలియదు.

ఈ గీతలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా వున్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 48 గంటలు పనికి రాలేకపోతే ప్రమాదాన్ని అధికారులకు తెలపవలసి వుండేది. 2020 నాటి కొత్త కోడు కూడా ఆ 48 గంటలనే వుంచింది. బ్రిటనులో మూడు రోజులు మించితే తెలపాలని వుండేది; 2012లో దాన్ని ఏడు రోజులు చేశారు. నాలుగైదు రోజులు మంచాన పడ్డవాణ్ణి యజమాని తన పుస్తకంలో రాసుకుంటే చాలు, ప్రభుత్వానికి చెప్పనక్కరలేదు. కార్మికుల ఎముకలు గట్టిపడలేదు, గీత జరిగింది.

ఈ కొలతలన్నిటికీ ఆధారం ఒకటే: దెబ్బ వల్ల ఎంత పని పోయింది? అంటే శరీరాన్ని శ్రమశక్తిగా మటుకే చూడటం. మరి పోగొట్టుకోవటానికి పనిదినమే లేని ముసలివాళ్ళ సంగతేమిటి?

నేను ఒక వృద్ధాశ్రమం కమిటీలో సభ్యుణ్ణి. ఒక రాత్రి ఒక అవ్వ మంచం దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి. ఆయా చంకల కింద చేతులు వేసి మెల్లగా నేలకు దించింది. దెబ్బ తగల్లేదు. పడిందా, లేదా? "కూర్చుంది" అన్నాడు మేనేజరు. ఆయా తల వూపింది. ఎవరైనా పడితే ఆమె జీతంలో కోత వుంటుంది. అవ్వ మటుకు, "నేల తగిలింది నాకు గదా నాయనా, మీకెట్ల తెలుస్తాది?" అన్నది. పుస్తకంలో "కూర్చుంది" అనే రాశారు. కింద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ వున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో దెబ్బ ప్రసక్తి లేదు. అనుకోకుండా నేలమీదికో, కింది మట్టానికో చేరటమే పడటం. అమెరికా వృద్ధాశ్రమాల నిబంధనల్లో, మరొకరు పట్టుకోబట్టి ఆగినా అది పడటం కిందికే వస్తుంది. మన 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకొక ఆశ్రమం గురించి, అందులో 150 మంది నిరుపేదల గురించి చెప్పింది గాని, పడటమంటే ఏమిటో చెప్పలేదు.

ప్రతి తూలునూ రాస్తూ పోతే అసలు ప్రమాదాలు ఆ కాగితాల్లో కలిసిపోవా అని కమిటీలో ఒక మిత్రుడు అడిగాడు. తీసిపారెయ్యదగిన ప్రశ్న కాదు. కాని ఏది రాయాలన్నది వేరు, ఏది ముందు చూడాలన్నది వేరు. తుంటి విరిగినదాన్ని ముందే చూద్దాం. దెబ్బ తగలని పడటం కూడా మనకు చెప్పేది వుంది: మంచం ఎత్తు, తడి నేల, రాత్రిపూట అంతమందికీ ఒకే ఆయా. తుంటి విరగకముందే యివి తెలియాలంటే అదే దారి.

అయితే ఆయాను నిజం రాయమని ఉపదేశించటం సులభం. ఏం జరిగిందన్న ప్రశ్నా, తప్పెవరిదన్న ప్రశ్నా ఒకే పుస్తకంలో వున్నంతకాలం ఆమె అబద్ధమే చెబుతుంది. అది ఆమె నైతిక పతనం కాదు, ఆమె పిల్లల తిండి. మూడోనాడు పనికిపోయిన మా నాయనది ఎంత అబద్ధమో ఆమెదీ అంతే. ఆ అబద్ధం వల్ల లాభపడేవాళ్ళు వేరే వున్నారు.

అందుచేత తరవాతి సమావేశంలో రెండు ప్రతిపాదనలు పెట్టాను. మొదటిది, జీతంలో కోత తీసెయ్యటం. రెండోది, పడినవాళ్ళ మాట వాళ్ళ నోటితో వచ్చినట్టే పుస్తకంలో రాయటం. రెండోదానికి అందరూ ఒప్పుకున్నారు. మొదటిదాన్ని వాయిదా వేశారు. మొదటిది లేకుండా రెండోది అమలు జరిగితే అవ్వ నిజం చెప్పిన ప్రతిసారీ ఆయా కూలి పోతుంది. ఆ సంగతి తెలిశాక అవ్వ కూడా "కూర్చున్నాను" అనే అంటుంది. అందుకని రెండోదాన్ని కూడా ప్రస్తుతానికి ఆపమని నేనే అడిగాను.