లోహపు గాజు, కుమ్మరి తండ్రి

లోహపు గాజులో పరమాణువులకు వరుస ఉండదు. కరిగిన లోహం మామూలుగా చల్లారితే పరమాణువులు స్ఫటికాలుగా సర్దుకుంటాయి. ఆ వ్యవధి ఇవ్వకపోతే ద్రవంలోని చిందరవందరే గట్టిపడుతుంది. 1960లో కాలిఫోర్నియాలో పోల్ డ్యూవేజ్ బృందం బంగారం, సిలికాన్ మిశ్రమాన్ని సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి తొలిసారి దీన్ని తయారుచేసింది.

పగుళ్లను తట్టుకోవడంలో ఈ గాజులన్నీ ఒక తీరుగా ఉండవు. మెగాపాస్కల్ రూట్ మీటర్లలో కొలిస్తే కిటికీ గాజుది దాదాపు 1. మెగ్నీషియం ప్రధానంగా ఉన్న కొన్ని లోహపు గాజులది 2 మాత్రమే. 2011లో ప్రకటించిన పెలేడియం గాజుది దాదాపు 200. తేడా తేలేది పగులు మొన దగ్గరే. అక్కడ పరమాణువుల గుంపులు పక్కకు జారి సన్నని జారుడు పట్టీలు విరివిగా పుడితే మొన మొద్దుబారుతుంది. పుట్టకపోతే ముక్క పెళ్లున విరుగుతుంది.

ఇంతకీ పగుళ్లను తట్టుకునే ఈ శక్తి ఉండేది ఎక్కడ? కూర్పులోనే అనడానికి వీల్లేదు. జిర్కోనియం గాజును అది మెత్తబడే వేడికి కాస్త దిగువన గంటల తరబడి ఉంచితే, ఒక్క పరమాణువూ పెరగకుండా తరగకుండా పెళుసెక్కుతుంది. అలాగైతే తాను చల్లారిన తీరును లోహం గుర్తుంచుకుంటోందా?

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహం, గతం మిగిల్చే ముద్ర అనదగిన సంస్కారాన్ని వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడుగా విడదీస్తుంది. మూడోదానికి ఉదాహరణ చాప: పరిచి వదిలితే మళ్లీ చుట్టుకుంటుంది. లోహపు గాజు కూడా దాదాపు 2 శాతం సాగి యథాస్థితికి వస్తుంది కనుక అంతవరకు ఆ మాట చాలు. పగులు సంగతి ఆ హద్దు దాటాక వచ్చేది. గుర్తుంచుకోవడం అంటే భావన. అది ఆత్మగుణం, అనుభవం లేనిచోట పుట్టదని తార్కికుడు అడ్డుపడతాడు.

ఆ అభ్యంతరం గట్టిదే. గతం తానుగా ఏ పనీ చేయదు; చేసేది ఇప్పటి సంయోగం, అంటే పరమాణువుల ప్రస్తుత సర్దుబాటు, వాటి మధ్య మిగిలిన ఖాళీ. వేడిలో ఉంచితే ఆ ఖాళీ తగ్గుతుంది. చల్లారిన తీరు కారణానికి కారణమే తప్ప నేరుగా కారణం కాదు. కుండకు కుమ్మరి తండ్రి ఎలాగో అలాగ, న్యాయశాస్త్రం మాటలో అన్యథాసిద్ధం. గది వేడికీ ద్రవ నైట్రోజన్ చలికీ మధ్య పదేపదే తిప్పితే కొన్ని లోహపు గాజుల పెళుసుదనం తగ్గుతుందని 2015లో తేలింది. అవి మొదట చల్లారిన తీరు మాత్రం మారలేదు.