హెన్నీ పోర్టెన్ పెట్టని సంతకం

ధైర్యం అనగానే మనకి ఎదురు తిరిగినవాళ్ళే గుర్తొస్తారు. ఒక్కచోట మాత్రం ‘కుదరదు’ అని, మిగతా అన్నిచోట్లా సర్దుకుపోయినవాళ్ళని ఏ లెక్కలో వెయ్యాలి? హెన్నీ పోర్టెన్ గురించి చదివిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

1890లో మాగ్డెబర్గ్‌లో పుట్టిన పోర్టెన్ జర్మన్ సినిమాకి తొలి తరం స్టార్. ఆస్కార్ మెస్టర్ నిర్మించిన చిన్న చిన్న మూకీలతో మొదలుపెట్టింది. 1920లో ఎర్న్‌స్ట్ లుబిచ్ ‘ఆన్నా బొలీన్’లో రాణి అయింది; అదే ఏడాది అతని ‘కోల్‌హీజెల్ కూతుళ్ళు’లో అక్కాచెల్లెళ్ళిద్దరూ తనే. మొదటి భర్త, దర్శకుడు కుర్ట్ స్టార్క్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. 1921లో విల్‌హెల్మ్ ఫాన్ కౌఫ్‌మన్ అనే డాక్టర్ని పెళ్ళాడింది. ఆయన యూదుడు.

1933 తర్వాత ఆ పెళ్ళే ఆమెకి అడ్డంకి అయింది. విడాకులిస్తే దారి తెరుచుకునేది. ఇవ్వలేదు. వేషాలు తగ్గిపోయాయి. దేశం దాటడానికీ అనుమతి రాలేదు.

కథ ఇక్కడితో ఆగితే ఆమెకో దండం పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ ఆమె 1941లో పాబ్స్ట్ తీసిన ‘కొమోడియాంటెన్’లో నటించింది. 1944లో ‘బుక్‌హోల్జ్ కుటుంబం’లో ప్రధాన పాత్ర వేసింది. ఆ సినిమా రెండో భాగం పేరుకి అర్థం ‘ప్రేమ పెళ్ళి’! దర్శకుడు కార్ల్ ఫ్రోలిక్ మూకీల కాలం నుంచీ ఆమెకి తెలిసినవాడే; అప్పటికి నాజీల సినిమా సంస్థకి అధ్యక్షుడు. మొత్తం సినిమా పరిశ్రమ గోబెల్స్ గుప్పిట్లో ఉంది. బయట మారణకాండ సాగుతుంటే తెరమీద నవ్వులు పూయించడం కూడా ఆ ప్రభుత్వానికి చేసిన సేవే కదా?

ఫలితాన్ని బట్టి తీర్పు చెబుదామంటే అదీ కుదరదు. నటుడు హైన్జ్ రూమన్ 1938లో యూదు భార్యకి విడాకులిచ్చాడు. ఆవిడ స్వీడన్ చేరి బతికింది. యోహిమ్ గాట్‌షాల్క్ విడాకులకి ఒప్పుకోలేదు. 1941 నవంబర్‌లో భార్యా కొడుకుతో కలిసి ప్రాణాలు తీసుకున్నాడు. పోర్టెన్ కూడా ఒప్పుకోలేదు; ఆమె భర్త బతికి బయటపడ్డాడు. నిర్ణయం తీసుకున్న రోజున చివరికి ఏమవుతుందో ఈ ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

మరి ఆమెది నైతిక ధైర్యమా, భర్త మీద ప్రేమ మాత్రమేనా అని అడగొచ్చు. నాకు ఆ తేడా అంత ముఖ్యం అనిపించదు. సాధారణంగా అలాంటి దాంపత్యం నిలిచి ఉన్నంతకాలమే యూదు భర్తకి కాస్త రక్షణ. ఆ సంతకం పడితే అదీ ఉండదు. ప్రభుత్వం ఆమెని సిద్ధాంతం మార్చుకోమనలేదు, ఒక మనిషిని వదిలేయమంది. అలాంటప్పుడు వదలకపోవడమే ఆమె చెప్పగలిగిన జవాబు.

అలాగని ఆ ‘కుదరదు’తో ఆ సినిమాలు చెరిగిపోవు. ఆ సినిమాలతో ఈ ‘కుదరదు’ కూడా చెరిగిపోదు. మనిషి జీవితాన్ని బ్యాంకు ఖాతాలా చూసి, కూడికలూ తీసివేతలూ చేసి చివర్లో ఒక అంకె తేల్చడం మనకి అలవాటు. పోర్టెన్ విషయంలో నేనా అంకె వెయ్యను. రెండు పద్దులూ పక్కపక్కనే ఉండనిస్తాను.

యుద్ధం అయ్యాక పశ్చిమ జర్మనీలో ఆమెకి పెద్దగా పని దొరకలేదు. యాభైల్లో తూర్పు జర్మనీ వెళ్ళి రెండు సినిమాలు చేసింది. 1960లో బెర్లిన్‌లో చనిపోయింది. అంతకు ఏడాది ముందు పోయిన కౌఫ్‌మన్, అప్పటిదాకా ఆమె భర్తగానే ఉన్నాడు.